సర్వీసు సందేహాలు: మర్యాదకు రాసిన మాట మెడకు చుట్టుకుంటే

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది కావలి. నాన్నగారు సర్వీసులో ఉండగానే పోయారు. కారుణ్య నియామకం కింద 2009లో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. 2017లో సీనియర్ అసిస్టెంటుగా ప్రమోషన్ వచ్చింది. 2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చినప్పుడు ఏటి ఒడ్డు మండలం ఒకదాంట్లో పనిచేస్తున్నాను. రాత్రీ పగలూ ఆఫీసులోనే ఉన్నాం. ముంపు ఊళ్ళకు బియ్యం పంచిన లెక్కల్లో 46 కుటుంబాల సంతకాలు అక్విటెన్సు షీట్లలో (సరుకు అందినట్టు సంతకం తీసుకునే కాగితాల్లో) లేవని తర్వాత ఆడిట్‌వాళ్ళు రాశారు. 2023లో నాకూ, మా పై అధికారికీ, ఇంకో జూనియర్ అసిస్టెంటుకూ ఛార్జి మెమోలిచ్చారు. నా మీద రెండు ఛార్జీలు. ఒకటి, బియ్యం పక్కదారి పట్టించానని. రెండు, రిజిస్టరు సకాలంలో అప్పగించలేదని.

విచారణ రెండో సిట్టింగునాడు నేను డెంగీతో నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాను. సర్టిఫికెట్ ముందురోజే ఎంక్వయిరీ ఆఫీసరుగారికి పంపాను. అయినా ఆరోజే ఇద్దరు సాక్షులను విచారించేశారు. ఊరి పంపిణీ రిజిస్టరు చూపించమని రెండుసార్లు రాతపూర్వకంగా అడిగితే 'దొరకలేదు' అన్నారు. చివరికి ఎంక్వయిరీ రిపోర్టులో మొదటి ఛార్జి రుజువు కాలేదని, రెండోది పాక్షికంగా రుజువైందని రాశారట. ఆ రిపోర్టు నాకు ముందుగా ఇవ్వలేదు. ఐదు వారాల కిందట రివర్షన్ (హోదా తగ్గింపు) ఆర్డరుతోపాటే ఇచ్చారు. 'విచారణాధికారి అభిప్రాయంతో ఏకీభవించడం లేదు, ఉద్యోగిని తన సంజాయిషీలో తప్పు అంగీకరించింది' అని ఆర్డరులో ఉంది. సంజాయిషీ చివర నేను రాసింది ఒక్కటే: 'నా వల్ల ఏమైనా పొరపాటు జరిగి ఉంటే మన్నించగలరు' అని. మా పై అధికారికి మందలింపుతో సరిపెట్టారు. జూనియర్‌కు ఒక ఇంక్రిమెంటు ఆపారు. నన్ను మాత్రం జూనియర్ అసిస్టెంటుగా రివర్ట్ చేశారు.

అటెండెన్సు రిజిస్టరులో నా పేరు ఎర్ర సిరాతో కొట్టేసి కిందికి దించి రాశారు. నేను పని నేర్పిన అమ్మాయి పేరు ఇప్పుడు నా పేరుకు పైన ఉంది. అప్పీలు చేస్తే శిక్ష ఇంకా పెంచుతారని ఆఫీసులో అంటున్నారు. వదిలేయమని మావారు. నేరుగా హైకోర్టుకు పోదామని యూనియన్‌వాళ్ళు. ఏం చేయమంటారు? - ఒక సోదరి, కావలి

జవాబు: అమ్మా, అప్పీలు వేయండి. వదిలేయొద్దు, హైకోర్టుకు ఇప్పుడే పరిగెత్తొద్దు. ఎందుకో చెప్తాను.

మీరు జతచేసిన జిరాక్సులన్నీ రెండుసార్లు చదివాను. పదకొండో పేజీ దగ్గర ఆగిపోయాను. రెండో సాక్షి వాంగ్మూలం అది. పైన సిట్టింగు తేదీ, మధ్యలో సాక్షి చెప్పిన ఎనిమిది వాక్యాలు, కింద సాక్షి సంతకం, ఎంక్వయిరీ ఆఫీసరు సంతకం. ఆ రెంటికీ మధ్య 'ఛార్జ్‌డ్ ఆఫీసర్ క్రాస్ ఎగ్జామినేషన్' (ఆరోపణ ఉన్న ఉద్యోగి సాక్షిని ప్రశ్నించడం) అని టైపు చేసి ఎదురుగా 'నిల్' అని ఉంది.

ఆ 'నిల్' అనే రెండక్షరాలకు అర్థం ఏమిటో మీరు గమనించారా? మీరు ఆ గదిలో ఉన్నారు, ప్రశ్నలు అడగమంటే అక్కర్లేదన్నారు అని. మీరేమో ఆ రోజు ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. మీ డిశ్చార్జి సమ్మరీలో చేరిన తేదీ, వెళ్ళిన తేదీ స్పష్టంగా ఉన్నాయి. సిట్టింగు తేదీ ఆ రెంటికీ మధ్యలో ఉంది. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే మీ అప్పీలులో సగం బలం వచ్చేసినట్టే. అక్కడ 'గైర్హాజరు' అని రాసుంటే కొంత వేరుగా ఉండేది. నోటీసు అందీ కారణం లేకుండా రాకపోతే ఏకపక్షంగా విచారణ నడపొచ్చు, రూల్సులో ఆ వీలుంది. కానీ జబ్బు చేసిందని ముందే తెలిపి వాయిదా అడిగిన మనిషికి, కనీసం కోలుకున్నాకైనా ఆ సాక్షులను మళ్ళీ పిలిపించి ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి. మీకు ఇవ్వలేదు. పైగా ఇచ్చినట్టు రాసుకున్నారు.

ఈ 'నిల్' విషయంలో నాకు ఒక బాధ ఉంది, చెప్పుకుంటాను. ముప్పై ఏళ్ళ నాడు నేను ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌లో కొత్త గుమాస్తాను. ఒక అటెండరు మీద విచారణ జరుగుతుంటే వాంగ్మూలాలు రాసే పని నాది. సాక్షి చెప్పడం అయ్యాక ఆఫీసరుగారు ఆ అటెండరు వైపు చూసి 'ఏమైనా ఉందా?' అన్నారు. అతను చేతులు కట్టుకుని 'లేదయ్యా' అన్నాడు. ప్రశ్నలు అడగొచ్చని అతనికి తెలియదు. అడగొచ్చని ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. 'నిల్' అని రాశాను, నా చేత్తో. అతనికి రెండు ఇంక్రిమెంట్లు పోయాయి, అదీ క్యుములేటివ్ ఎఫెక్టుతో. అంటే రిటైరయ్యేదాకా, ఆ తర్వాత పెన్షన్‌లోనూ ఆ కోత మోశాడు. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో విచారణ సంగతి కనిపిస్తే ఇప్పటికీ నా కళ్ళు ముందు ఆ మాట కోసమే వెతుకుతాయి.

ఇక మీ సంగతి. అన్నిటికంటే ముందు గడువు. రాష్ట్ర ఉద్యోగులకు వర్తించే 1991 నాటి సి.సి.ఎ. రూల్సు (క్లాసిఫికేషన్, కంట్రోల్ అండ్ అప్పీల్ రూల్సు) ప్రకారం అప్పీలుకు గడువు మూడు నెలలు. ఆర్డరు మీద వేసిన తేదీ నుంచి కాదు, దాని కాపీ మీ చేతికి అందిన తేదీ నుంచి లెక్క. మీకు ఐదు వారాలు గడిచిపోయాయి. ఈ సంచిక మీకు చేరేసరికి ఇంకో రెండు మూడు వారాలు పోతాయి. తగిన కారణం చూపితే గడువు దాటినా తీసుకోవచ్చుననే వీలుంది గానీ, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆర్డరు ఏ తేదీన తీసుకున్నారో అందిన కాపీ మీదే రాసి సంతకం పెట్టారా? పెట్టకపోతే టపా రిజిస్టరులో మీ సంతకం ఉన్న పేజీ జిరాక్సు సంపాదించండి.

అప్పీలు ఎవరికి వేయాలి? శిక్ష వేసిన అధికారికి రూల్సు ప్రకారం పై అధికారి ఎవరో వారికి. ఆర్డరు చివర ఆ హోదా రాయలేదని చెప్పారు. ఊహించి రాయకండి, మీ ఆఫీసును కాగితం మీదే అడగండి. అప్పీలు అసలు కాగితం ఆ పై అధికారి, అంటే అప్పిలేట్ అధికారి పేర స్పీడ్ పోస్టులో, ఒక కాపీ శిక్ష వేసిన అధికారికి. రసీదులు, అందినట్టు వచ్చే రుజువులు అప్పీలు కాపీకే పిన్ను చేసి పెట్టుకోండి. శిక్ష వేసిన అధికారి తన అభిప్రాయంతో, రికార్డుతో సహా ఫైలును పైకి పంపాలి. అక్కడే చాలా అప్పీళ్ళు నెలల తరబడి పడుంటాయి. అందుకే పై అధికారికి నేరుగా ప్రతి వెళ్ళడం అవసరం.

ఇప్పుడు అసలైన మాట. అప్పీలు అంటే కనికరం అడిగే అర్జీ కాదు. నా సర్వీసులో కొన్ని వందల అప్పీళ్ళ మీద నోటు పెట్టాను, అంటే అధికారికి ఫైలులో అభిప్రాయం రాసిచ్చాను. వాటిలో ఎక్కువ భాగం 'ఇద్దరు ఆడపిల్లలు, ముసలి అత్తగారు, ఇంటి లోను' అంటూ మొదలై 'దయతో మన్నించగలరని ప్రార్థన' అని ముగిసేవి. అవన్నీ నిజాలే, కాదనను. కానీ అవి చదివిన అధికారికి, మనసు కరిగినా, ఆర్డరు కొట్టేయడానికి ఫైలులో పట్టుకొమ్మ దొరకదు. తన సంతకం కింద కారణం రాయాలి గదా! ఏం రాస్తారు, పిల్లలున్నారనా? అప్పిలేట్ అధికారి చూడాల్సినవి రూల్సులోనే మూడు ఉన్నాయి: పద్ధతి ప్రకారం విచారణ జరిగిందా, రికార్డులో ఉన్న సాక్ష్యాన్ని బట్టే నిర్ణయానికి వచ్చారా, శిక్ష తప్పుకు తగ్గదేనా. మీ కష్టం ఎంత పెద్దదైనా ఈ మూడింటి వైపు తిప్పి, తేదీతో, పేజీ నంబరుతో రాయాలి. దూషణ మాట ఒక్కటీ రాకూడదు. 'కక్షతో చేశారు' అని రాయకండి. జరిగింది జరిగినట్టు రాస్తే ఆ మాట చదివేవారికే తడుతుంది.

మీరు మర్యాదకు రాసిన 'మన్నించగలరు' అన్న మాట గురించి మీ పూర్తి ఉత్తరంలో నాలుగుసార్లు రాసి బాధపడ్డారు. అంతగా కుమిలిపోవాల్సింది లేదమ్మా. మన జిల్లాల్లో ఏ గుమాస్తా రాసిన సంజాయిషీ చూసినా చివర ఆ వాక్యం ఉంటుంది. అది చిన్నప్పుడు బడిలో ఉత్తరం రాయడం నేర్పినప్పటి అలవాటు. తప్పు ఒప్పుకోవడం అంటే ఏ తప్పో, ఏ తేదీనో, తానే చేశానని స్పష్టంగా, షరతు లేకుండా చెప్పాలి. 'జరిగి ఉంటే' అన్న మాటలోనే జరగలేదన్న అర్థం ఉంది. పైగా అదే సంజాయిషీలో రెండు ఛార్జీలూ కాదని మూడు పేజీలు రాశారు. నిజంగా ఒప్పుకున్నట్టే అయితే ఎంక్వయిరీ ఆఫీసరును ఎందుకు వేశారు, సాక్షులను ఎందుకు పిలిచారు? ఇదే ప్రశ్న అప్పీలులో పెట్టండి. ఆ సంజాయిషీ పూర్తి కాపీ జతచేయండి, చివరి వాక్యం ఒక్కటే కాదు.

తర్వాత రిపోర్టు సంగతి. రాజ్యాంగం 311 అధికరణం రెండో క్లాజు చూడండి. డిస్మిస్ చేయాలన్నా, తొలగించాలన్నా, హోదా తగ్గించాలన్నా, ఛార్జీలు తెలిపి, చెప్పుకోవడానికి తగిన అవకాశమిచ్చి విచారణ జరిపాకే. మీకు పడ్డ శిక్ష ఆ మూడింటిలో ఒకటి. చిన్న శిక్షల్లోకి రాదు. విచారణ చేసిన అధికారి ఒకరు, శిక్ష వేసే అధికారి వేరొకరు అయినప్పుడు రిపోర్టు కాపీ ఉద్యోగికి ముందే ఇచ్చి, దాని మీద చెప్పుకోనివ్వాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1993లో తేల్చింది. మన హైదరాబాదు ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్) ఉద్యోగి కరుణాకర్ కేసు అది. మీకు రిపోర్టు, శిక్ష ఒకే కవరులో వచ్చాయి. అయితే ఇక్కడ చాలామంది చేసే తప్పు మీరు చేయొద్దు. 'రిపోర్టు ఇవ్వలేదు గనుక ఆర్డరు చెల్లదు' అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఆ తీర్పులోనే ఉంది: ఇవ్వకపోవడం వల్ల ఉద్యోగికి ఏ నష్టం జరిగిందో చూడాలి అని. కాబట్టి ముందే ఇచ్చి ఉంటే మీరు ఏం చెప్పేవారో ఇప్పుడు రాయండి. 'మొదటి ఛార్జి రుజువు కాలేదన్న విచారణాధికారి అభిప్రాయాన్ని సమర్థిస్తూ ఫలానా కాగితాలు చూపేదాన్ని. రెండో ఛార్జి మీద, ఆ వారం ఆఫీసులో నీళ్ళు చేరి బీరువాలు పైకెక్కించిన సంగతి, రిజిస్టరు ఎవరి దగ్గర ఉందో తెలిపే నా మెమో చూపేదాన్ని' అని. ఆ మెమో కాపీ మీ దగ్గర ఉందన్నారు. అది బంగారం.

మొదటి ఛార్జి విషయంలో ఇంకా పెద్ద లోపం జరిగింది. ఎంక్వయిరీ ఆఫీసరు రుజువు కాలేదన్నారు. శిక్ష వేసిన అధికారి ఏకీభవించలేదు. ఏకీభవించకపోయే అధికారం వారికి ఉంది, అందులో తప్పులేదు. కానీ ఎందుకు ఏకీభవించడం లేదో కారణాలు ముందు మీకు తెలిపి, మీరు చెప్పేది విని, ఆ తర్వాతే నిర్ణయం తీసుకోవాలి. 1998లో పంజాబ్ నేషనల్ బ్యాంకు ఉద్యోగి కుంజ్ బిహారీ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. తనకు అనుకూలంగా వచ్చిన రిపోర్టును తిరగేసేటప్పుడు ఉద్యోగికి మాట్లాడే అవకాశం లేకపోవడం అన్యాయమని. మీ ఆర్డరులో 'ఏకీభవించడం లేదు' అన్న రెండు ముక్కలు, మీరు ఒప్పుకున్నారన్న మాట తప్ప కారణమే లేదు. నా లెక్కలో మీ అప్పీలుకు ప్రాణం ఈ పాయింటే. దీన్ని మొదట పెట్టండి, 'నిల్' పేజీని రెండోదిగా.

ఊరి పంపిణీ రిజిస్టరు కోసం రాసిన రెండు ఉత్తరాలూ జతచేయండి. బియ్యం ఇళ్ళకు చేరిందో లేదో చెప్పగలిగేది ఆ రిజిస్టరు ఒక్కటే. అది మీకు చూపకుండా ఆడిట్ అభ్యంతరం ఒక్కదాన్నే పట్టుకుని పక్కదారి పట్టించారనడం కుదరదు. అక్విటెన్సు మీద సంతకం లేకపోవడం వేరు, బియ్యం అందకపోవడం వేరు. మొలలోతు నీళ్ళలో బియ్యం బస్తా అందుకునే ముసలామె చేత వేలిముద్ర వేయించుకోవడం ఎంత కష్టమో ఆ వారం పెన్నా ఒడ్డున డ్యూటీ చేసినవాళ్ళకు తెలుసు. సమాచార హక్కు చట్టం కింద ఆ రిజిస్టరు కాపీ, మీ కేసు మీద ఆఫీసులో రాసుకున్న నోట్ ఫైలు కాపీ ఈ వారమే అడగండి. జిల్లా స్థాయి ఆఫీసయితే రుసుము 10 రూపాయలు. జవాబుకు 30 రోజులు గడువు. 'దొరకలేదు' అనే రాతపూర్వక జవాబు వచ్చినా అది మీకే పనికొస్తుంది. అయితే ఆ జవాబు కోసం అప్పీలు ఆపకండి. తర్వాత అదనపు కాగితంగా పంపుకోవచ్చు.

శిక్షలో తేడా గురించి: ఒకే సంఘటన, ముగ్గురు. పర్యవేక్షించాల్సిన అధికారికి మందలింపు, మీకు హోదా కోత. 2013లో మధ్యప్రదేశ్ కానిస్టేబుల్ రాజేంద్ర యాదవ్ కేసులో, కలిసి ఒకే తప్పులో ఇరుక్కున్నవారికి శిక్షలో అన్యాయమైన తేడా ఉండకూడదని, పెద్ద పాత్రవాడికి చిన్న శిక్ష, చిన్న పాత్రవాడికి పెద్ద శిక్ష వేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మిగతా ఇద్దరి మీద నేరారోపణ చేసినట్టు రాయకండి. వాళ్ళకు తక్కువ వేశారన్నది మీ ఫిర్యాదు కాదు, మీకు ఎక్కువ వేశారన్నది. రేపు వాళ్ళతోనే కలిసి పనిచేయాలి మీరు. రివర్షన్ ఎంతకాలమో, తిరిగి పాత పోస్టుకు వచ్చాక సీనియారిటీ, ఇంక్రిమెంట్లు ఏమవుతాయో కూడా ఆర్డరులో ఒక్క ముక్క లేదు. గడువు చెప్పని కోత బతుకంతా కోతే అవుతుంది. దీన్నీ ఒక అభ్యంతరంగా రాయండి.

శిక్ష పెంచుతారన్న భయం గురించి. అప్పిలేట్ అధికారికి శిక్ష పెంచే అధికారం ఉన్నమాట నిజం. కానీ చీకట్లో రాయి వేసినట్టు పెంచలేరు. పెంచాలనుకుంటే మీకు నోటీసివ్వాలి, మీరు చెప్పేది వినాలి. మీకు అనుకూలంగా ఎంక్వయిరీ రిపోర్టే ఉన్న కేసులో శిక్ష పెంచడానికి ఏ అధికారీ తేలిగ్గా సాహసించరు. ఇన్నేళ్ళలో ఇలాంటి కేసులో పెంచడం నేను చూడలేదు. ఆఫీసులో ఈ మాట అంటున్నవారెవరో నాకు తెలియదు గానీ, వాళ్ళ మాట మీద మీ పదహారేళ్ళ సర్వీసును వదులుకోకండి.

హైకోర్టుకు నేరుగా ఎందుకు వద్దన్నానంటే, రూల్సులో అప్పీలు ఉన్నప్పుడు ముందు అది వాడుకోమని కోర్టు సాధారణంగా వెనక్కి పంపుతుంది. సహజ న్యాయం, అంటే చెప్పుకునే అవకాశం ఇవ్వాలన్న నియమం, పూర్తిగా తప్పిన కేసుల్లో నేరుగా తీసుకోవడమూ ఉంది, అది వకీలుగారు చెప్పాలి. కానీ నా కారణం వేరే. హైకోర్టు సాక్ష్యాన్ని మళ్ళీ తూచదు. నిర్ణయం ఎలా తీసుకున్నారో చూస్తుంది గానీ నిర్ణయం సరైనదా కాదా అని తన అభిప్రాయం రుద్దదు. 1995లో సుప్రీంకోర్టు తేల్చిన చతుర్వేది కేసు నుంచీ అదే మాట. సాక్షి అబద్ధం చెప్పాడని, రిజిస్టరు ఫలానా బీరువాలో ఉందని వాదించుకునే చోటు అప్పీలే. అక్కడ రాయని సంగతి తర్వాత కోర్టులో ఎత్తితే 'అప్పుడు ఎందుకు చెప్పలేదు' అంటారు. పరిపాలనా ట్రిబ్యునల్ మన రాష్ట్రంలో ఇప్పుడు లేదు గనుక, అప్పీలు పోతే తర్వాతి మెట్టు అమరావతి హైకోర్టే. ఆ మెట్టు ఎక్కాల్సి వస్తే మీ అప్పీలు కాగితమే మీ పునాది.

కోరికల పేరాలో మూడు రాయండి. రివర్షన్ రద్దు చేసి సీనియారిటీ, జీతం తేడాతో సహా పునరుద్ధరించాలని మొదట. కాదంటే, సాక్షులను ప్రశ్నించే అవకాశమిచ్చి, రిపోర్టు మీద జవాబు తీసుకుని ఆ దశ నుంచి మళ్ళీ జరిపించాలని. అదీ కాదంటే శిక్ష తగ్గించాలని. నిజాయితీగా చెప్తున్నాను, ఇలాంటి కేసుల్లో ఎక్కువగా జరిగేది రెండోది: ఫైలు వెనక్కొస్తుంది, విచారణ సగం నుంచి మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు డీలా పడొద్దు. ఈసారి ఆ ఇద్దరు సాక్షుల ఎదుట మీరు కూర్చుంటారు.

ఈలోగా జూనియర్ అసిస్టెంటుగా పని మానకండి, సెలవు మీద వెళ్ళకండి. చేరినంత మాత్రాన శిక్ష ఒప్పుకున్నట్టు కాదు. 'అప్పీలు హక్కుకు భంగం లేకుండా విధుల్లో చేరుతున్నాను' అని ఒక కాగితం ఇచ్చి అందినట్టు ఇన్‌వార్డు ముద్ర వేయించుకోండి. అప్పీలు తెలుగులోనే రాయండి. 1966 అధికార భాషా చట్టం నుంచీ మన పరిపాలన భాష తెలుగే. ఎవరి చేతో ఇంగ్లీషులో రాయించుకుని, అందులో ఏముందో మీకే తెలియని పరిస్థితి వద్దు. నాలుగు పేజీలు దాటనీయకండి. చివర 'పొరపాటుంటే మన్నించగలరు' అని మాత్రం రాయొద్దు. సంతకం, హోదా, తేదీ, చాలు. హోదా దగ్గర 'సీనియర్ అసిస్టెంటు (జూనియర్ అసిస్టెంటుగా తగ్గించబడిన)' అని రాయండి.

ప్రశ్న: పొదిలి దగ్గర పనిచేస్తున్నాను. ఖాళీ ఉందని తాత్కాలికంగా ప్రమోషన్ ఇచ్చి, పద్నాలుగు నెలలకు నా పోస్టుకు రెగ్యులర్ మనిషి వచ్చాడని వెనక్కి దింపారు. ఇదీ శిక్షేనా? అప్పీలు చేయొచ్చా?

జవాబు: మామూలుగా కాదు. తాత్కాలిక పదోన్నతి మీద హక్కు ఏర్పడదు. రెగ్యులర్ మనిషి వస్తే దింపడం పరిపాలన వ్యవహారం. 1957లో పర్షోత్తమ్ లాల్ ధింగ్రా కేసులోనే సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. మీ ఆర్డరులో 'పనితీరు సరిగా లేదు', 'ఆరోపణల దృష్ట్యా' వంటి మచ్చ పడే మాటలు ఉన్నాయా? ఉంటే అది శిక్ష అవుతుంది, విచారణ లేకుండా వేశారని అప్పీలు చేయొచ్చు. మీకన్నా జూనియరును అదే కేడరులో ఉంచి మిమ్మల్ని దింపినా అడగొచ్చు. ఆ రెండూ లేకపోతే ప్యానెల్ సంవత్సరం (ప్రమోషన్ల జాబితా తయారుచేసే ఏడాది) వచ్చినప్పుడు మీ పేరు జాబితాలో సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. మీకు ఇప్పుడు అదే ముఖ్యం.

ప్రశ్న: ఉదయగిరి నుంచి రాస్తున్నాను. నేను అప్పీలు వేసి ఏడాది దాటింది. ఉలుకూ పలుకూ లేదు.

జవాబు: ముందు అది ఎక్కడుందో తెలుసుకోండి. నూటికి తొంభై సార్లు అది పైకి వెళ్ళనే ఉండదు. అభిప్రాయం రాయాల్సిన కింది ఆఫీసులోనే ఉంటుంది. సమాచార హక్కు కింద 'నా అప్పీలు ఏ తేదీన, ఏ నంబరుతో పైకి పంపారు' అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబును జతచేసి అప్పిలేట్ అధికారికి రిమైండరు పంపండి. రెండు నెలలు చూడండి. అప్పటికీ కదలకపోతే, ఇన్ని వారాల్లో అప్పీలు పరిష్కరించమని ఆదేశించాలంటూ హైకోర్టులో రిట్ వేయొచ్చు. అప్పీలు పరిష్కరించేటప్పుడు కూడా కారణాలు రాయాలని, 'పరిశీలించి తిరస్కరించడమైనది' అంటే సరిపోదని 1986లో రామ్ చందర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి ఒక్క లైను జవాబు వస్తే పారేయకండి. కవరుతో సహా నాకు పంపండి.